సర్వీసుల పీటముడి: లినక్స్ బూట్ మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి జబ్బు ఒకటే. సిస్టమ్‌డీతో (బూట్‌లో సర్వీసులను వరుసగా లేపే ప్రోగ్రామ్) నడిచే మెషీన్లో ఒక సర్వీసు ఇంకోదాని కోసం ఆగుతుంది, అది తిరిగి మొదటిదాని కోసం ఆగుతుంది. అందుకే పేజీ మొత్తం దానికే కేటాయించాం. కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇచ్చాం. టర్మినల్‌లో మాత్రం వాటి ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టాలి.

ప్రశ్న: మా సర్వర్‌లో మేం రాసుకున్న సర్వీసులు రెండున్నాయి. క్యాష్ నింపే వార్మప్.సర్వీస్ చాలాకాలంగా ఏ గొడవా లేకుండా నడుస్తోంది. అది అయ్యాక నడవాలని ఈమధ్య రిపోర్ట్.సర్వీస్ చేర్చాం. అప్పట్నుంచి రీబూట్ చేస్తే ఒకసారి ఇది లేవదు, ఒకసారి అది లేవదు. చేత్తో స్టార్ట్ చేస్తే రెండూ లేస్తాయి. బూట్ స్క్రీన్ మీద 'ఆర్డరింగ్ సైకిల్ ఫౌండ్, స్కిప్పింగ్' అని ఒక లైను మెరిసి పోతోంది. ఏ సర్వీసులో తప్పుంది?

జవాబు: లేవని సర్వీసును తప్పుపట్టకండి. సిస్టమ్‌డీ బూట్ మొదట్లో డీఫాల్ట్.టార్గెట్‌కు (టార్గెట్ అంటే సర్వీసుల గుంపుకు పెట్టిన మజిలీ పేరు) కావలసిన పనులన్నీ, అంటే జాబ్‌లన్నీ, ఒక జాబితాగా పేర్చుకుంటుంది. వాటి వరుస తిరిగి తిరిగి మొదటికే వస్తే ఆ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంపక తప్పదు. అలాంటప్పుడు రిక్వైర్స్‌తో తప్పనిసరిగా ముడిపడని, వాంట్స్‌తో మాత్రమే వచ్చిన జాబ్‌ను ఒకదాన్ని తీసి పక్కన పడేస్తుంది. తీసేయదగ్గవి రెండు మూడు ఉంటే ఏది పోతుందో బూట్‌ను బట్టి మారవచ్చు. మీకు ఒకసారి ఇది, ఒకసారి అది లేవకపోవడానికి కారణం అదే. చేత్తో స్టార్ట్ చేసినప్పుడు జాబితాలో ఆ ఒక్క సర్వీసే ఉంటుంది. అప్పటికే లేచిన టార్గెట్‌కు కొత్తగా జాబ్ ఉండదు కాబట్టి వలయమూ ఉండదు.

ముందు లాగ్ చూడండి:

జర్నల్‌సీటీఎల్ -బి | గ్రెప్ -ఐ సైకిల్ -ఎ 5 -బి 5

ఇందులో చివర 5 ముందు వచ్చే -ఎ, -బి రెండూ పెద్దబడి అక్షరాలు, మిగతావి చిన్నబడి. మీ మెషీన్లో దాదాపు ఇలా కనిపిస్తుంది (వెర్షన్‌ను బట్టి మాటలు కొద్దిగా మారతాయి):

మల్టీ-యూజర్.టార్గెట్: ఫౌండ్ ఆర్డరింగ్ సైకిల్ ఆన్ రిపోర్ట్.సర్వీస్/స్టార్ట్
మల్టీ-యూజర్.టార్గెట్: ఫౌండ్ డిపెండెన్సీ ఆన్ వార్మప్.సర్వీస్/స్టార్ట్
మల్టీ-యూజర్.టార్గెట్: ఫౌండ్ డిపెండెన్సీ ఆన్ మల్టీ-యూజర్.టార్గెట్/స్టార్ట్
మల్టీ-యూజర్.టార్గెట్: జాబ్ రిపోర్ట్.సర్వీస్/స్టార్ట్ డిలీటెడ్ టు బ్రేక్ ఆర్డరింగ్ సైకిల్

పై నుంచి కిందికి చదవండి: టార్గెట్ రిపోర్ట్ కోసం, రిపోర్ట్ వార్మప్ కోసం, వార్మప్ మళ్లీ టార్గెట్ కోసం ఆగింది. చివరి లైను ఎవరు బలయ్యారో చెబుతుంది. ఎవరి వల్లో పై మూడు లైన్లలో వెతకాలి. ప్రతి జంట దగ్గరా ఆగి 'ఈ ఆగడం నిజంగా అవసరమా?' అని అడగండి. రిపోర్ట్ వార్మప్ కోసం ఆగాలి, నిజమే. టార్గెట్ రిపోర్ట్ కోసం ఆగడం సిస్టమ్‌డీ తనంతట తాను చేర్చిన ఏర్పాటు. మిగిలింది వార్మప్ ఫైల్. తెరిస్తే ఈ లైన్లు దొరుకుతాయని పందెం కాయొచ్చు:

[యూనిట్]
ఆఫ్టర్=మల్టీ-యూజర్.టార్గెట్

[ఇన్‌స్టాల్]
వాంటెడ్‌బై=మల్టీ-యూజర్.టార్గెట్

ఆఫ్టర్ అంటే 'దాని తరవాతే నేను', వాంటెడ్‌బై అంటే 'ఆ టార్గెట్‌కు నేను కావాలి'. 'అన్నీ అయ్యాక చివర్లో నడవాలి' అనుకున్నప్పుడు చాలామంది ఇలాగే రాస్తారు. ఒక టార్గెట్ తన వాంట్స్, రిక్వైర్స్ జాబితాలో ఉన్న యూనిట్లన్నీ (సర్వీసులు, మౌంట్లు లాంటివి) లేచేదాకా ఆగేలా సిస్టమ్‌డీయే ఆఫ్టర్ చేర్చేస్తుంది. అయితే ఆ సర్వీసే నేరుగా 'నేను టార్గెట్ తరవాత' అని రాసుకుని ఉంటే, వెంటనే వలయం పడకుండా ఆ ఒక్కదానికి మాత్రం చేర్చదు. వార్మప్ ఒంటరిగా ఉన్నన్నాళ్లూ గొడవ రాకపోవడానికి ఈ మినహాయింపే కారణం. రిపోర్ట్‌కు ఆ మినహాయింపు వర్తించదు. టార్గెట్ దాని కోసం ఆగుతుంది, అది వార్మప్ కోసం ఆగుతుంది, ముడి బిగుసుకుంటుంది. తప్పు మొదటి ఫైల్లో ఎప్పట్నుంచో ఉంది, రెండోది వచ్చి దాన్ని బయటపెట్టింది, అంతే.

వార్మప్‌లో ఆ ఆఫ్టర్ లైను తీసేసి, దానికి నిజంగా ఏ సర్వీసులు కావాలో వాటి పేర్లు రాయండి. డేటాబేస్ కావాలంటే ఆఫ్టర్=పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.సర్వీస్, దాంతోపాటు వాంట్స్‌గానో రిక్వైర్స్‌గానో అదే పేరు. బూట్ అంతా అయ్యాకే నడవాలని గట్టిగా ఉంటే ఆ సర్వీసుల ఇన్‌స్టాల్ భాగం తీసేసి, ఆన్‌బూట్‌సెక్=2మిన్ అని ఒక టైమర్ యూనిట్ పెట్టుకోండి. టైమర్ లేపే సర్వీసుకు వేరే జాబితా తయారవుతుంది, బూట్ వరుసతో దానికి పేచీ ఉండదు. అప్పుడు టైమర్‌ను రిపోర్ట్‌కు కట్టి, రిపోర్ట్‌లో వార్మప్‌కు రిక్వైర్స్, ఆఫ్టర్ రెండూ రాయాలి.

సరిచేశాక సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ (యూనిట్ ఫైళ్లను మళ్లీ చదివించే కమాండ్) కొట్టండి. అది తప్పు చూపలేదని నిశ్చింతగా ఉండొద్దు. జాబితా పేర్చేటప్పుడే తప్ప రీలోడ్‌లో వలయాల తనిఖీ జరగదు. రీబూట్‌కు ముందే తేల్చుకోవాలంటే:

సిస్టమ్‌డీ-ఎనలైజ్ వెరిఫై డీఫాల్ట్.టార్గెట్

వలయం ఉంటే లాగ్‌లో వచ్చే లైన్లే ఇక్కడా వస్తాయి. ఎఫ్ఎస్‌ట్యాబ్ (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్) నుంచి పుట్టే మౌంట్లను కూడా లెక్కలోకి తేవాలంటే రూట్‌గా --జనరేటర్స్=యెస్ జోడించండి. లేవని సర్వీసును రీస్టార్ట్ చేసే క్రాన్ లైను పెట్టి ఊరుకునేవాళ్లూ ఉన్నారు. రేపు అదే వలయంలో నెట్‌వర్క్ సర్వీసు పోతే ఆ క్రాన్ లైను కాపాడదు.

ప్రశ్న: ఏ రిక్వైర్స్ బీ, బీ రిక్వైర్స్ ఏ అని రాస్తే కూడా వలయమేనా?

జవాబు: కాదు. రిక్వైర్స్, వాంట్స్ 'అది కూడా కావాలి' అని మాత్రమే చెబుతాయి. ముందూ వెనకా చెప్పేవి ఆఫ్టర్, బిఫోర్. రిక్వైర్స్ ఒక్కటే రాస్తే రెండూ ఒకేసారి మొదలవుతాయి. రెండు ఫైళ్లలోనూ ఆఫ్టర్ రాసినప్పుడే ముడి పడుతుంది. ఒకదాంట్లో ఆఫ్టర్, ఇంకోదాంట్లో బిఫోర్ రాస్తే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు, దాంతో ఏ నష్టమూ లేదు.

ప్రశ్న: ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫైల్‌సిస్టమ్) షేర్‌ను /ఎస్ఆర్‌వి/నాస్ మీద మౌంట్ చేస్తాను. అందులోని ఫొటోల ఫోల్డర్ /హోమ్/ఫొటోస్ దగ్గర కనిపించాలని ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో బైండ్ లైను ఒకటి రాశాను. మౌంట్ -ఎ కొడితే అంతా బాగుంది. రీబూట్ చేస్తే ఒక్కోసారి నెట్‌వర్కే లేవడం లేదు. ఫొటోల లైనుకూ నెట్‌వర్క్‌కూ ఏం సంబంధం?

జవాబు: సంబంధం ఆ బైండ్ లైనే. ఎన్ఎఫ్ఎస్ అన్న ఫైల్‌సిస్టమ్ రకం చూసి మొదటి లైను నెట్‌వర్క్ మౌంట్ అని సిస్టమ్‌డీ గుర్తుపడుతుంది, దాన్ని రిమోట్-ఎఫ్ఎస్.టార్గెట్ కింద పెడుతుంది. రెండో లైనులో రకం 'నన్', ఆప్షన్ 'బైండ్'. దాన్ని లోకల్ డిస్క్ కింద లెక్కగట్టి లోకల్-ఎఫ్ఎస్.టార్గెట్ కంటే ముందే కావాలంటుంది. ఇక్కడి నుంచి వేలు పెట్టి చూడండి: లోకల్-ఎఫ్ఎస్ బైండ్ మౌంట్ కోసం ఆగుతుంది. బైండ్ తన మూలం ఉన్న /ఎస్ఆర్‌వి/నాస్ కోసం, అది నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్ కోసం, అది నెట్‌వర్క్‌మేనేజర్ కోసం ఆగుతాయి. నెట్‌వర్క్‌మేనేజర్ మామూలు సర్వీసు కాబట్టి బేసిక్.టార్గెట్, సిస్‌ఇనిట్.టార్గెట్ అయ్యాకే లేస్తుంది. సిస్‌ఇనిట్ లోకల్-ఎఫ్ఎస్ కోసం ఆగుతుంది. ఇంత పొడుగు వలయంలో ఎక్కడ తెగినా ఏదో ఒక పెద్ద తలకాయే పోతుంది.

మందు చిన్నదే. బైండ్ లైను ఆప్షన్లలో అండర్‌స్కోర్‌తో మొదలయ్యే _నెట్‌డెవ్ చేర్చండి:

/ఎస్ఆర్‌వి/నాస్/ఫొటోస్ /హోమ్/ఫొటోస్ నన్ బైండ్,_నెట్‌డెవ్ 0 0

దాంతో ఈ మౌంట్ కూడా రిమోట్-ఎఫ్ఎస్ వైపు వెళ్లిపోతుంది. నోఫెయిల్ పెట్టినా వలయం పోతుంది, ఎందుకంటే దానితో 'లోకల్-ఎఫ్ఎస్ కంటే ముందు' అన్న నిబంధన ఎగిరిపోతుంది. అయితే మౌంట్ విఫలమైనా బూట్ ముందుకు సాగిపోతుంది. ఖాళీ ఫోల్డర్లోకి ఏ ప్రోగ్రామో ఫైళ్లు రాసేస్తే మీకు తెలియదు కూడా. అందుకే మా ఓటు _నెట్‌డెవ్‌కే. నెట్‌వర్క్ షేర్ మీద ఉన్న డిస్క్ ఇమేజ్‌ను లూప్‌తో మౌంట్ చేసేవారికీ ఇదే జవాబు.

మార్చాక డీమన్-రీలోడ్ చేసి, 'సిస్టమ్‌సీటీఎల్ షో -పి బిఫోర్ -పి ఆఫ్టర్ హోమ్-ఫొటోస్.మౌంట్' అని చూడండి. బిఫోర్‌లో లోకల్-ఎఫ్ఎస్ పోయి రిమోట్-ఎఫ్ఎస్ రావాలి. పాత్‌లో గీతలు, చుక్కలు ఉంటే యూనిట్ పేరు ఎలా మారుతుందో సిస్టమ్‌డీ-ఎస్కేప్ -పి --సఫిక్స్=మౌంట్ చెబుతుంది. ఫైండ్‌ఎమ్ఎన్‌టి --వెరిఫై ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో అక్షర దోషాలు పట్టుకుంటుంది గానీ వలయాలు దాని కంటికి ఆనవు.

ప్రశ్న: లాగ్‌లో వలయం కనిపించింది. ప్యాకేజీతో వచ్చిన సర్వీసులో ఒక ఆఫ్టర్ అనవసరం అని తేలింది. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో 'ఆఫ్టర్=' అని ఖాళీగా రాశాను, ఎగ్జెక్‌స్టార్ట్‌కు అలా పనిచేసింది కదా అని. ఏ మార్పూ లేదు.

జవాబు: ఎగ్జెక్‌స్టార్ట్‌కు చెల్లే ఆ ఉపాయం ఆఫ్టర్, బిఫోర్, రిక్వైర్స్, వాంట్స్‌కు చెల్లదు. డ్రాప్-ఇన్ ఫైల్‌తో (అసలు ఫైల్‌కు తోడుగా పెట్టే చిన్న ఫైల్) వీటికి పేర్లు కలపగలం, తీసేయలేం. మొత్తం ఫైల్‌ను మీ చేతిలోకి తెచ్చుకోవడమే దారి: సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ --ఫుల్, తరవాత ఆ సర్వీసు పేరు. కాపీ /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్‌లో పడి, ప్యాకేజీ ఫైల్‌ను కప్పేస్తుంది. ఇకమీదట ప్యాకేజీ అప్‌డేట్‌లో ఆ ఫైల్ మారినా మీ పాత కాపీయే నడుస్తుందని గుర్తుంచుకోండి. ఎక్కడెక్కడ ఇలా కప్పామో సిస్టమ్‌డీ-డెల్టా చూపిస్తుంది. వెనక్కి పోవాలంటే సిస్టమ్‌సీటీఎల్ రివర్ట్.

ఇన్‌స్టాల్ భాగంలో వాంటెడ్‌బై మార్చినవారు డీమన్-రీలోడ్‌తో ఆపకండి. పాత సింబాలిక్ లింకు మల్టీ-యూజర్.టార్గెట్.వాంట్స్ ఫోల్డర్లో అలాగే ఉండిపోతుంది. సిస్టమ్‌సీటీఎల్ రీఎనేబుల్ కొడితే పాత లింకు పోయి కొత్తది పడుతుంది. ఆఫ్టర్=గ్రాఫికల్.టార్గెట్ అని రాసి వాంటెడ్‌బై మాత్రం మల్టీ-యూజర్‌కు ఇచ్చే పొరపాటు తరచూ కనిపిస్తుంది. గ్రాఫికల్ ఎలాగూ మల్టీ-యూజర్ తరవాతే, కాబట్టి అది రాయగానే వలయం. వాంటెడ్‌బైని గ్రాఫికల్.టార్గెట్‌గా మార్చి రీఎనేబుల్ చేస్తే మొదటి జవాబులో చెప్పిన మినహాయింపు వల్ల సరిపోతుంది, ఇంకో సర్వీసు దీని కోసం ఆగనంతవరకూ.

ప్రశ్న: బూట్ ఒకచోట ఆగిపోతోంది. 'ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్ ఫర్ సెటప్.సర్వీస్' అని, పక్కన సమయం లెక్క, దాని పక్కన 'నో లిమిట్' అని వస్తోంది. లాగ్ అంతా వెతికినా సైకిల్ అన్న మాటే లేదు. వెరిఫై కూడా శుభ్రంగా ఉంది. ఆ సెటప్ మాదే. బిఫోర్=ఎన్‌జిన్ఎక్స్.సర్వీస్, టైప్=వన్‌షాట్ (ఒక్కసారి నడిచి ముగిసే రకం). స్క్రిప్టు కాన్ఫిగ్ ఫైల్ తయారుచేసి చివర్లో ఎన్‌జిన్ఎక్స్‌ను రీస్టార్ట్ చేస్తుంది.

జవాబు: వలయం ఉంది, కానీ సగం యూనిట్ ఫైల్లో, సగం మీ స్క్రిప్టులో ఉంది. స్క్రిప్టు లోపల ఏముందో సిస్టమ్‌డీకి తెలియదు, అందుకే దానికి తప్పు కనిపించదు. సెటప్ ముగిసేదాకా ఎన్‌జిన్ఎక్స్ జాబ్ కదలకూడదని బిఫోర్ చెబుతోంది. స్క్రిప్టులోని 'సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎన్‌జిన్ఎక్స్' ఆ జాబ్ ముగిసేదాకా తాను కదలదు. మీరు ముందంటే మీరు ముందని గుమ్మంలో నిలబడ్డ ఇద్దరు అతిథుల్లా రెండూ అక్కడే ఉంటాయి. మామూలు సర్వీసైతే 90 సెకన్ల డీఫాల్ట్ గడువు తీరాక సిస్టమ్‌డీ ఆపేస్తుంది. వన్‌షాట్‌కు ఆ గడువు డీఫాల్ట్‌గా ఉండదు. స్క్రీన్ మీద 'నో లిమిట్' అన్నది అదే.

కళ్లతో చూడాలంటే గ్రబ్‌లో (బూట్ మెనూ చూపే ప్రోగ్రామ్) కెర్నల్ లైను చివర సిస్టమ్‌డీ.డీబగ్-షెల్ అని చేర్చి బూట్ చేయండి. ఆగిపోయినప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్9 నొక్కితే పాస్‌వర్డ్ అడగకుండా రూట్ షెల్ వస్తుంది. అక్కడ:

సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-జాబ్స్ --బిఫోర్ --ఆఫ్టర్

సెటప్ ఎదురుగా 'రన్నింగ్', ఎన్‌జిన్ఎక్స్ ఎదురుగా 'వెయిటింగ్' అని, ఎవరు ఎవరి కోసం ఆగారో కిందనే ఉంటుంది. ఆపైన సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ సెటప్.సర్వీస్ కొట్టండి. ప్రాసెస్‌ల చెట్టులో మీ స్క్రిప్టు కింద వేలాడుతూ సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ కనిపిస్తుంది. ఆ ప్రాసెస్‌ను కిల్ చేస్తే ఆ పూటకు బూట్ ముందుకు కదులుతుంది.

శాశ్వతంగా అంటే, ఆ రీస్టార్ట్ లైను తీసేయండి. బిఫోర్ ఉంది కాబట్టి సెటప్ ముగియగానే ఎన్‌జిన్ఎక్స్ కొత్త కాన్ఫిగ్‌తోనే లేస్తుంది, రీస్టార్ట్‌కు పనేలేదు. అదే స్క్రిప్టును బూట్ తరవాత కూడా చేత్తో నడుపుతాం, రీస్టార్ట్ కావాలి అంటే --నో-బ్లాక్ చేర్చండి. జాబ్‌ను వరుసలో పెట్టేసి కమాండ్ వెంటనే తిరిగి వస్తుంది. ఎటు చేసినా మీ వన్‌షాట్ సర్వీసుల్లో టైమౌట్‌స్టార్ట్‌సెక్=120 లాంటి గడువు ఒకటి రాసి ఉంచండి. తెర ముందు ఎవరూ లేని సర్వర్‌కు 'నో లిమిట్' పనికిరాదు. డీబగ్ షెల్‌ను సర్వీసుగా ఎనేబుల్ చేసుకున్నవారు పని కాగానే డిసేబుల్ చేయాలి. కీబోర్డు దగ్గరికి వచ్చిన ఎవరికైనా అది తెరిచిన తలుపే.

ప్రశ్న: మా సర్వీసు ఒక నిర్దిష్ట ఐపీ అడ్రస్ మీద వినాలి. అడ్రస్ రాకముందే సాకెట్ యూనిట్ (సర్వీసు తరఫున ముందుగా పోర్టు తెరిచేది) లేచి విఫలమవుతోందని సాకెట్ ఫైల్లో ఆఫ్టర్=నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్ రాస్తే వలయం వచ్చింది.

జవాబు: సాకెట్లు సాకెట్స్.టార్గెట్ కంటే ముందు, అది బేసిక్.టార్గెట్ కంటే ముందు లేవాలి. నెట్‌వర్క్ సర్వీసులు బేసిక్ తరవాత. అందుకే సాకెట్ నెట్‌వర్క్ కోసం ఆగలేదు. ఆ ఆఫ్టర్ తీసేసి, సాకెట్ భాగంలో ఫ్రీబైండ్=యెస్ రాయండి. అడ్రస్ ఇంకా మెషీన్‌కు రాకపోయినా దాని మీద వినడానికి కెర్నల్ ఒప్పుకుంటుంది. ఎదురు చూపే అక్కర్లేదు.

ప్రశ్న: డీఫాల్ట్‌డిపెండెన్సీస్=నో అని రాస్తే వలయం మాయమైంది. అన్ని సర్వీసులకూ రాసేయొచ్చా?

జవాబు: వద్దు. ఆ ఒక్క లైనుతో సిస్‌ఇనిట్, బేసిక్ తరవాత లేవాలన్న నియమమే కాదు, షట్‌డౌన్ అప్పుడు పద్ధతిగా ఆపాలన్న నియమమూ పోతుంది. డిస్కులు మౌంట్ కాకముందే సర్వీసు లేచి, ఫైల్ లేదని పడిపోవచ్చు. సిస్‌ఇనిట్ కంటే ముందు నడవక తప్పని వాటికే, అంటే డిస్క్ తెరిచేవి, నెట్‌వర్క్-ప్రీ.టార్గెట్ కంటే ముందు ఫైర్‌వాల్ నియమాలు ఎక్కించేవి లాంటి వాటికే అది వాడాలి. వాడినప్పుడు కాన్‌ఫ్లిక్ట్స్=షట్‌డౌన్.టార్గెట్, బిఫోర్=షట్‌డౌన్.టార్గెట్ చేత్తో రాయండి, కావలసిన మౌంట్లకు రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ రాయండి.

ఇలా కనిపించకుండా చేరే నియమాలు సిస్టమ్‌సీటీఎల్ క్యాట్‌లో రావు, అది ఫైల్లో ఉన్నదే చూపుతుంది. సిస్టమ్‌సీటీఎల్ షోలో అన్నీ వస్తాయి. వలయం వెతికేటప్పుడు రెండోదే నమ్మండి.

ప్రశ్న: వలయం వల్ల లాగిన్ దాకా కూడా రావడం లేదు. ఎలా లోపలికి వెళ్లాలి?

జవాబు: పవర్ ఆన్ చేయగానే బయాస్ మెషీన్లయితే షిఫ్ట్ పట్టుకుని, యూఈఎఫ్ఐ అయితే ఎస్కేప్ నొక్కి గ్రబ్ మెనూ తెప్పించండి. ఎంట్రీ మీద 'ఇ' నొక్కితే ఎడిటర్ వస్తుంది. 'లినక్స్' అని మొదలయ్యే లైను చివరికి వెళ్లి కింది వాటిలో ఒకటి చేర్చి, కంట్రోల్-ఎక్స్ కొట్టండి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే.

ఏ సర్వీసు వల్లో తెలిస్తే సిస్టమ్‌డీ.మాస్క్=వార్మప్.సర్వీస్ చాలు. తెలియకపోతే సిస్టమ్‌డీ.యూనిట్=రెస్క్యూ.టార్గెట్. రెస్క్యూ కూడా సిస్‌ఇనిట్ మీద ఆధారపడుతుంది కాబట్టి, వలయం మౌంట్ల దగ్గరే ఉంటే అదీ తడబడవచ్చు. అప్పుడు ఎమర్జెన్సీ.టార్గెట్ వాడండి. రూట్ ఫైల్‌సిస్టమ్ చదవడానికి మాత్రమే ఉంటే మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ / కొట్టాలి. రెస్క్యూ, ఎమర్జెన్సీ రెండూ రూట్ పాస్‌వర్డ్ అడుగుతాయి. రూట్ ఖాతా తాళం వేసి ఉంటే చాలాచోట్ల లోపలికి రానివ్వవు. పైన చెప్పిన డీబగ్ షెల్ అక్కడ అక్కరకొస్తుంది.

అదీ కుదరకపోతే లైవ్ యూఎస్‌బీతో లేచి, రూట్ పార్టిషన్‌ను /ఎమ్ఎన్‌టి మీద మౌంట్ చేసి:

సిస్టమ్‌సీటీఎల్ --రూట్=/ఎమ్ఎన్‌టి డిసేబుల్ వార్మప్.సర్వీస్

లాగ్ కూడా అక్కడి నుంచే చదవొచ్చు: జర్నల్‌సీటీఎల్ -డి /ఎమ్ఎన్‌టి/వార్/లాగ్/జర్నల్, ఇక్కడ -డి పెద్దబడి అక్షరం. చివర _పిఐడి=1 చేర్చితే సిస్టమ్‌డీ మాటలే మిగులుతాయి. చాలా మెషీన్లలో /వార్/లాగ్/జర్నల్ ఫోల్డర్ లేకపోతే లాగ్ మెమరీలోనే ఉండి రీబూట్‌తో పోతుంది. మెషీన్ బాగున్నప్పుడే ఆ ఫోల్డర్ తయారుచేసి సిస్టమ్‌డీ-జర్నల్‌డీని రీస్టార్ట్ చేసి ఉంచండి. తరవాత జర్నల్‌సీటీఎల్ -బి -1 కొడితే అంతకుముందు బూట్ లాగ్ వస్తుంది.